కాలికి తిమ్మిరి ఎందుకెక్కుతుంది?

తిమ్మిరి ఎరుగని కాలు లేదు. హరికథలో రెండు గంటలు మఠం వేసుకుని కూర్చున్న పెద్దమనిషి మంగళహారతి వేళకు లేవబోయి, "ఉండండోయ్, కాలు పట్టుకుపోయింది" అని పక్కవాని భుజం పట్టుకోవడం మనమంతా చూసిందే. ముందు కాలు మనది కానట్లు మొద్దుబారుతుంది. తర్వాత చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు జివజివలాడుతుంది. రెండు నిమిషాలు గడిస్తే అంతా సర్దుకుంటుంది. మనమూ మరచిపోతాం.

మరచిపోవడం మంచిదే. అయితే అన్ని తిమ్మిర్లూ మరచిపోవలసినవి కావు. కొన్ని తిమ్మిర్లు కబురు తెస్తాయి. ఆ కబురు విని వారంలోగా వైద్యుని దగ్గరకు వెళ్ళినవాడు నడుచుకుంటూ తిరిగి వస్తాడు. "నరం పట్టింది, అదే పోతుందిలే" అని ఆరు నెలలు కూర్చున్నవాడు కాలీడ్చుకుంటూ వెళ్ళవలసి రావచ్చు. ఏది మామూలు తిమ్మిరో ఏది కాదో తెలుసుకోవడానికి వైద్యశాస్త్రం చదవనక్కరలేదు. ఇంటిల్లిపాదికీ తెలియవలసిన నాలుగు మాటలు తెలిస్తే చాలు.

గొంతుక్కూర్చునే బతుకు

ఇల్లెందు దాటి కొత్తగూడెం వైపు వచ్చే దారిలో టేకులపల్లి వున్నది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోది. అడవికీ మాగాణికీ నడుమనున్న ఈ ప్రాంతంలో కోయవారు, లంబాడీలు ఎక్కువ. వీరి సంవత్సరం చాలామట్టుకు గొంతుక్కూర్చునే గడుస్తుందంటే అతిశయోక్తి కాదు. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే చెట్ల కింద కూర్చుని ఇప్పపువ్వు ఏరాలి. ఆ వెనుకనే తునికాకు వస్తుంది. పొద్దున్నే కోసి తెచ్చిన ఆకును ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని కట్టలు కట్టాలి. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక ప్రమాణపు బస్తా. అంటే 50,000 ఆకులు చేతుల మీదుగా పోతాయన్నమాట. మిరప తోటల్లో కింది కాయ కోసేటప్పుడూ, చేలలో కలుపు తీసేటప్పుడూ కూర్చున్న చోటు నుంచి లేవకుండా పక్కకు జరుగుతూ పోతారు.

పట్నవాసం ఇల్లాళ్ళు ఇది తమకు సంబంధించిన సంగతి కాదనుకోరాదు. కత్తిపీట ముందు కూర్చోవడం, బట్టలుతకడం, నేల తుడవడం అన్నీ ఈ కూర్చోవడమే. ఇక కుర్రవాళ్ళ సంగతి వేరే వున్నది. పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు తయారయ్యేవాళ్ళు, జిమ్ముకు పోయేవాళ్ళు భుజాన ఇనుప కడ్డీ పెట్టుకుని అడుగుదాకా కూర్చుని లేస్తున్నారు. దాన్ని వాళ్ళు స్క్వాట్ అంటారు. మన తాలింఖానాల్లో దాని పేరు బస్కీ. బడిలో చెవులు పట్టుకుని తీస్తే గుంజీ. వీరఘట్టంలో 1882లో పుట్టి, విజయనగరంలో పెరిగి, రొమ్ము మీదుగా ఏనుగును నడిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి తరంలో దండీలు, బస్కీలు తీయని వస్తాదు లేడు. కాబట్టి ఈ కూర్చోవడం మనకు కొత్తదీ కాదు, చెడ్డదీ కాదు. మోకాళ్ళూ తుంటి కీళ్ళూ నిండుగా వంగే శక్తిని నిలబెట్టే అలవాటు ఇది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఎంతసేపు కూర్చున్నాం, ఎంత బరువుతో కూర్చున్నాం అన్న దగ్గర.

నరానికీ నెత్తురు కావాలి

తిమ్మిరి అంటే నెత్తురు ఆగిపోవడమని కొందరు, నరం నొక్కుకుపోవడమని కొందరు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. నరం అనేది ఒట్టి తీగ కాదు, ప్రాణమున్న కణజాలం. దానికి వేరే సన్నని రక్తనాళాలున్నాయి. వాటి మీద ఒత్తిడి పడి నెత్తురు అందకపోతే నరం వార్త మోయడం మానేస్తుంది.

ఈ సంగతిని లండను వైద్యుడు సర్ థామస్ లూయిస్, తన సహచరులు పికరింగ్, రోత్స్‌చైల్డ్‌లతో కలిసి 1931లో పరీక్షించి చూపాడు. చేతికి రక్తపోటు చూసే పట్టీ బిగించి, రక్తప్రసారం ఆపి, నిమిషాలు లెక్కపెట్టారు. పావుగంట ప్రాంతంలో వేళ్ళ కొసల్లో స్పర్శ తగ్గడం మొదలై, ఆ మొద్దుతనం మెల్లగా పైకి పాకింది. అన్ని జ్ఞానాలూ ఒక్కసారి పోవు. మెత్తని స్పర్శ ముందు పోతుంది. నొప్పి అన్నిటికన్నా చివర పోతుంది. దానికి కారణమున్నది. స్పర్శను మోసే పోగులు లావైనవి. వాటిలో వార్త సెకనుకు యాభై అరవై మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. నొప్పిని మోసే పోగుల్లో మరీ సన్ననివి సెకనుకు మీటరు నడక నడుస్తాయి. లావుపాటి పోగులు లేమిని ఓర్వలేవు. సన్నవి చివరిదాకా నెట్టుకొస్తాయి. అందుకే తిమ్మిరెక్కిన కాలిని తడిమితే తెలియదు గాని గట్టిగా గిల్లితే తెలుస్తుంది.

మరి లేచిన తర్వాత ఆ జివజివ ఏమిటి? ఒత్తిడి తొలగి నెత్తురు తిరిగి పారగానే, నిద్రపోయిన పోగులు కలతగా మేలుకుని, ఎవరూ పంపని వార్తలను తామే పంపడం మొదలుపెడతాయి. మెదడుకు అవి చీమలుగా, సూదులుగా తోస్తాయి. ఈ అలజడి పుట్టేది చర్మంలో కాదు, నరం పొడుగునా అని 1949లో మెరింగ్టన్, నాథన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపారు. కాబట్టి చీమలు పాకడం చెడ్డ గుర్తు కాదు. నరం బతికే వున్నదన్న గుర్తు. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయే ఈ తిమ్మిరికి మందూ అక్కరలేదు, మంత్రమూ అక్కరలేదు. కాలు చాపి, పాదాన్ని పైకీ కిందికీ ఆడించి, మొద్దుతనం పూర్తిగా పోయాక లేస్తే చాలు. తొందరపడి లేచి, తెలియని కాలు మీద బరువు వేసి, మడమ మడతపడి పడ్డవాళ్ళున్నారు. ముసలివాళ్ళ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మోకాటి పక్క మలుపు

నడుములో వెన్నుపూసల మధ్య నుంచి బయలుదేరిన వేర్లు కలిసి తుంటి నరమవుతాయి. శరీరంలో కెల్లా లావైన నరమది. పిరుదు కింది నుంచి తొడ వెనుకగా దిగి మోకాలి దగ్గర రెండుగా చీలుతుంది. ఒక చీలిక పిక్క లోపలికి పోయి అరికాలిని ఏలుతుంది. రెండవ దాని పేరు పెరోనియల్ నరం. ఇది మోకాలి బయటి వైపుకు తిరిగి, అక్కడి సన్న ఎముక మెడను చుట్టుకుని ముందుకు వస్తుంది. పాదాన్ని పైకెత్తే కండరాలకు ఆజ్ఞలిచ్చేది ఇదే. పిక్క బయటి వైపు, మీగాలి మీద స్పర్శ తెలిసేదీ దీనివల్లనే.

మీ మోకాలికి బయటి వైపున, కీలుకు కాస్త దిగువగా వేలు పెట్టి చూడండి. చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. దాని వెనుక, కొద్దిగా కిందుగా, చర్మానికి అతి దగ్గరలో ఆ నరం పోతున్నది. కింద ఎముక, పైన పలుచని చర్మం. నడుమ మెత్త లేదు. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు నిండుగా మడతపడి, తొడ వెనుక కండరమూ పిక్క కండరమూ ఎముకా కలిసి దీన్ని ఇరికిస్తాయి. కాలు మీద కాలు వేసుకున్నా ఈ గుబ్బే నలుగుతుంది.

పది నిమిషాలు నలిగితే తిమ్మిరి. రోజుకు కొన్ని గంటల చొప్పున రోజుల తరబడి నలిగితే? అప్పుడు పాదం పైకి లేవదు. మెట్టెక్కబోతే వేళ్ళు తట్టుకుంటాయి. చెప్పు జారిపోతున్నా తెలియదు. నడిచేటప్పుడు పాదం నేల మీద టప్పున పడుతుంది. దీన్నే వైద్యులు ఫుట్ డ్రాప్ అంటారు. పాదం వేలాడడం అని మనం చెప్పుకోవచ్చు. 1980లో కోలర్, బ్లాంక్ అనే వైద్యులు స్ట్రాబెర్రీ పండ్లు కోసే కూలీలలో ఈ జబ్బును వర్ణించి, దానికి ఆ పండు పేరే పెట్టారు. అంతకు ముందు 1971లో, గంటల తరబడి వజ్రాసనంలో కూర్చున్న ఒకనికి పాదం పడిపోయిన సంగతిని అమెరికాలో చూసిడ్ అనే వైద్యుడు వైద్య పత్రికలో రాశాడు. స్ట్రాబెర్రీ మన వైపు అరుదు గాని, నరానికి పండు పేరుతో పని లేదు. మిరపకాయ కోసినా తునికాకు కట్టినా మోకాలు మడిచే తీరు ఒక్కటే.

ఇంకొక సంగతి. ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా తగ్గినవారికి ఆ గుబ్బ దగ్గర వుండే కాస్త మెత్త కూడా కరిగిపోతుంది. జ్వరపడి లేచిన మనిషినీ, పథ్యంతో చిక్కిన మనిషినీ వెంటనే కలుపుకు కూర్చోబెట్టరాదు. కాలు విరిగి సిమెంటు కట్టు వేసినప్పుడు అది ఆ గుబ్బ దగ్గర బిగుతుగా వున్నా ఇదే ప్రమాదం. కట్టు కట్టించుకున్నవాడు మీగాలు మొద్దుబారిందంటే "కట్టు అంటే అంతే" అని ఊరుకోకూడదు.

ఎక్కడ తిమ్మిరో చూసుకోండి

తిమ్మిరి ఎంతసేపున్నదన్నది మొదటి ప్రశ్న. ఎక్కడున్నదన్నది రెండవ ప్రశ్న. కాలి మీద ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క యజమాని వున్నాడు.

పిక్క బయటి వైపూ మీగాలూ మొద్దుబారితే ఇప్పుడు చెప్పుకున్న పెరోనియల్ నరాన్ని అనుమానించాలి.

తొడ బయటి వైపు మాత్రమే, అరచేయి మేర, మంటగానో మొద్దుగానో వుంటే అది గజ్జ దగ్గర నలిగే వేరొక సన్నని నరం పని. లోతుగా కూర్చున్నప్పుడు గజ్జ మడతపడుతుంది. దానికి తోడు బిగుతు బెల్టు, బిగించి కట్టిన లంగా బొందు, పెరిగిన బొజ్జ, నిండు గర్భం వుంటే నరం మరింత నలుగుతుంది. మనస్తత్వశాస్త్రంలో ప్రసిద్ధుడైన ఫ్రాయిడ్ 1895లో తన తొడలోనే ఈ బాధను గమనించి వ్యాసం రాశాడు. ఈ నరం కండరాలను ఆడించదు కనుక బలం తగ్గదు; బొందు వదులు చేస్తే సాధారణంగా శాంతిస్తుంది.

నడుము నుంచి పిరుదు మీదుగా, తొడ వెనుకగా, పిక్కలోకి జివ్వున లాగితే మూలం వెన్నులో వుండవచ్చు. మన ఆయుర్వేదం దీన్ని గృధ్రసి అన్నది. వెన్నుపూసల నడుమ బిళ్ళ జారి నరపు వేరును నొక్కడం దీనికి ముఖ్య కారణాలలో ఒకటని 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే శస్త్రవైద్యులు నిరూపించారు. బరువెత్తి బస్కీలు తీసే కుర్రవాళ్ళు అడుగుకు దిగినప్పుడు నడుము లోపలికి ముడుచుకుని గుండ్రంగా వంగితే ఈ బిళ్ళల మీదనే భారం పడుతుంది. గంట కూర్చుంటే వచ్చే తిమ్మిరి వేరు, బరువుతో కూర్చున్న రెండు సెకన్లకే మెరుపులా లాగడం వేరు. రెండవది వస్తే ఆ రోజుకు కడ్డీ దించవలసిందే. దగ్గినా తుమ్మినా ఆ లాగుడు ఎక్కువైతే వెన్ను మీద అనుమానం బలపడుతుంది.

రెండు పాదాలకూ మేజోళ్ళు తొడిగినట్లు, కూర్చున్నా లేచినా ఒకే తీరుగా తిమ్మిరి వుంటే ఆ తప్పు కూర్చోవడానిది కాదు. చక్కెర జబ్బు, బి12 విటమిను లోపం, తాగుడు ఇందులో ముఖ్యమైనవి. శాకాహారుల ఇళ్ళలో బి12 సంగతి మరువరాదు. నెత్తురు పరీక్షతో రెండూ తేలిపోతాయి.

కాళ్ళు కొయ్యబారి, అసలు గొంతుక్కూర్చోవడమే చేతకాకపోతే అది మరొక కథ. నీటిలోని ఫ్లోరైడు వల్ల వెన్నెముక గట్టిపడి వెన్నుపామును నొక్కే జబ్బును నెల్లూరు ప్రాంతంలో 1937లో గుర్తించారు. నల్లగొండ రోగుల సంగతిని 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మన తెలుగు నేలకు తిమ్మిరి ఒక్కొక్కసారి కాలి నుంచి కాక మంచినీళ్ళ బావి నుంచి వచ్చిందన్నమాట.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకటున్నది. గుర్రపు జీను మీద కూర్చుంటే ఆనే చోటు, అంటే తొడల లోపలి వైపూ మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారి, మూత్రం రావడమో ఆపుకోవడమో కష్టమైతే, రెండు కాళ్ళూ బలహీనపడితే, తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేరాలి. వెన్ను అడుగున నరాల కుచ్చు మొత్తం నలుగుతున్నదని దాని అర్థం. గంటలు లెక్క ఇక్కడ.

మచ్చ గురించి భయం

కాలి తిమ్మిరి అనగానే పల్లెల్లో పైకి అనని అనుమానం ఒకటి వుంటుంది. కుష్ఠు సూక్ష్మజీవి కూడా మోకాటి పక్క మలుపు దగ్గరి నరాన్నే తరచు పట్టుకుంటుంది. నరం తాడులా లావెక్కడం, చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ వుండడం దాని గుర్తులు. ఈ జబ్బు పేరు వింటే ఇంటివాళ్ళే దూరం జరిగిన కాలమున్నది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు ఆసుపత్రి నెలకొల్పిన రోజుల్లో దీనికి సరైన మందే లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తర్వాత ఇది నయమయ్యే జబ్బయింది. మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. దాచుకున్నవారి నరం చచ్చిపోతుంది. ముందుగా చూపించుకున్నవారి నరం దక్కుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది రోగి కాదు, అతన్ని దాచుకునేలా చేసిన చుట్టుపక్కలవాళ్ళు.

నరం ఎన్నాళ్ళకు కోలుకుంటుంది?

1943లో సెడ్డన్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు నరాల దెబ్బలను మూడు తరగతులుగా విభజించాడు. మొదటి దానిలో నరం తెగదు. పై పొర మాత్రం నలుగుతుంది. ఒత్తిడి తీసేస్తే కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలల్లో నయమవుతుంది. గొంతుక్కూర్చోవడం వల్ల పడిపోయిన పాదాలలో చాలావాటికి ఈ అదృష్టమే వుంటుంది. రెండవ దానిలో లోపలి పోగు తెగుతుంది, తొడుగు మిగులుతుంది. పోగు మళ్ళీ మొలుస్తుంది గాని రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు అంగుళం చొప్పున పెరుగుతుంది. మోకాలి నుంచి పాదం దాకా ఆ నడక నడవాలంటే ఏడాది పైచిలుకు. మూడవ దానిలో నరం పూర్తిగా తెగుతుంది. శస్త్రచికిత్స లేనిదే అతకదు.

మొదటి తరగతిలో వున్నప్పుడే ఒత్తిడి తొలగించాలి. ఇదే ఈ వ్యాసం సారమంతా. తిమ్మిరి రోజూ వస్తున్నా మళ్ళీ అదే తీరున కూర్చునే మనిషి ఒక మెట్టు నుంచి రెండవ మెట్టుకు జారుతున్నాడని గ్రహించాలి.

ఇంట్లోనే ఒక పరీక్ష వున్నది. మడమల మీద నిలబడి, వేళ్ళు పైకెత్తి, పది అడుగులు నడవండి. తర్వాత మునివేళ్ళ మీద పది అడుగులు నడవండి. రెండూ రెండు కాళ్ళతోనూ చేయగలిగితే బలం బాగున్నట్లే. మడమ నడకలో ఒక పాదం కిందికి వాలిపోతే, లేచిన అరగంటకు కూడా తిమ్మిరి వదలకపోతే, ఏ పనీ చేయకుండానే రోజూ తిమ్మిరెక్కుతుంటే వైద్యునికి చూపాలి. నరంలో విద్యుత్ ప్రవాహం ఎలా నడుస్తున్నదో కొలిచే పరీక్ష పెద్ద పట్నాలలో వున్నది. ఎక్కడ నలిగిందో అది చెబుతుంది.

పీట వాల్చండి

నివారణకు పెద్ద ఖర్చు లేదు. మన పెద్దలు కత్తిపీటకు ఎదురుగా ఇంకొక పీట వేసుకునేవారు. జానెడు ఎత్తు పీట మీద కూర్చుంటే మోకాలు నిండుగా మడతపడదు, నరం నలగదు. చేలో పనిచేసేవారికి కూడా తేలికపాటి చిన్న పీట వెంట తీసుకుపోయే వీలున్నది. అది లేకపోతే పది నిమిషాలకొకసారి లేచి నిలబడాలి. ఒకసారి కూర్చుంటే, ఒకసారి మోకరిల్లాలి, ఒకసారి వంగాలి. మునివేళ్ళ మీద కాక మడమలు నేలకు ఆనించి కూర్చోవాలి. కూలి లెక్క కాయ మీదనో కట్ట మీదనో వున్నప్పుడు ఆ లేచే అర నిమిషం నష్టమనిపిస్తుంది. ఆ కూలి ఇచ్చే ఆసాములు కూడా ఆ అర నిమిషాన్ని నష్టంగా చూడకపోతే చాలామంది కాళ్ళు దక్కుతాయి.

బస్కీలు తీసే అబ్బాయిలు బరువు కంటే ముందు తీరు నేర్చుకోవాలి. నడుము గుండ్రపడకుండా ఎంత లోతుకు దిగగలిగితే అంతే దిగాలి. అడుగున ఎగిరెగిరి పడరాదు. తిమ్మిరి వస్తే బరువు తగ్గించి, పాదాల ఎడం మార్చి చూడాలి. అయినా వస్తే మానాలి.

బళ్ళలో గుంజీల శిక్ష గురించి ఒక మాట. విద్యార్థిని శారీరకంగా శిక్షించరాదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను చెబుతున్నది. అలవాటు లేని పిల్లవాని చేత ఒక్కసారిగా వందల గుంజీలు తీయిస్తే తొడ కండరాలు చితికి, ఆ పదార్థం మూత్రపిండాల్లో పడుతుంది. రెండు మూడు రోజుల్లో మూత్రం టీ డికాషను రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఉపాధ్యాయుడు నేర్పవలసింది లెక్కలో తప్పు దిద్దుకోవడం. దానికి తొడలతో పనిలేదు.

మన భాషలో తిమ్మిరికి ఇంకొక అర్థమున్నది. పొగరుబోతును చూసి "వీడికి ఒళ్ళు తిమ్మిరెక్కింది" అంటాం. ఆ తిమ్మిరిని వదిలించడం కష్టం. కాలి తిమ్మిరి అట్లా కాదు. అది ఎంతసేపున్నదో, ఎక్కడున్నదో, బలం తగ్గిందో లేదో ఈ మూడు ప్రశ్నలూ అడిగితే తన సంగతి తానే చెబుతుంది. సాయంత్రం పని ముగించి ఇంటికి వచ్చిన మీ అమ్మగారు "కాలు ఎందుకో తెలియడం లేదురా" అంటే, దీపం దగ్గర కూర్చోబెట్టి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. మడమల మీద నాలుగడుగులు నడిపించి చూడండి. ఆ తర్వాత ఆమె కూర్చోవడానికి ఒక పీట చేయించండి.